శవాలు తెచ్చినవాడు, తలుపు తీసినవాడు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల ఈ పేజీలో 1945లో వచ్చిన 'ది బాడీ స్నాచర్' అనే పాత హాలీవుడ్ హారర్ సినిమా గురించి నాలుగు మాటలు రాశాం. మెడికల్ స్కూలుకు దొంగచాటుగా శవాలు చేరవేసే ఒక బండివాడి కథ అది. ఇంత పాత సినిమా మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే కేటాయించాం. ఒకే ప్రశ్న చాలామంది అడిగినచోట ఒకరి ఉత్తరమే వేశాం, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: ఎనభై ఏళ్ల కిందటి బ్లాక్ అండ్ వైట్ సినిమా. ఇప్పటి హారర్ చూసి అలవాటు పడ్డ మాలాంటివాళ్లకు ఇందులో భయపడటానికి ఏముంటుంది? కథ కాస్త వివరంగా చెబితే చూడాలా వద్దా తేల్చుకుంటాను.
(డిగ్రీ విద్యార్థి, వరంగల్)

జవాబు: చూడండి. గంటా ఇరవై నిమిషాలు కూడా పట్టదు. కథ దాదాపు మొత్తం చెప్పేస్తున్నాం కాబట్టి తెలియకుండా చూద్దామనుకునేవాళ్లు ఈ జవాబు దాటేసి కిందికి వెళ్లండి.

1831, స్కాట్లండ్‌లో ఎడిన్‌బరో. డాక్టర్ మెక్‌ఫర్లేన్ అని మంచి పేరున్న సర్జన్ సొంతంగా అనాటమీ, అంటే శరీర నిర్మాణం నేర్పే స్కూలు నడుపుతుంటాడు. నడవలేని ఒక చిన్నపిల్లను తీసుకుని తల్లి ఆయన దగ్గరికి వస్తుంది. వెన్ను ఆపరేషన్ చేయగల చెయ్యి ఆయనదొక్కటే, కానీ పాఠాలు చెప్పుకోవాలి, తీరిక లేదంటాడు. వాళ్లను అక్కడికి తెచ్చిన గుర్రబ్బండి తోలేవాడి పేరు గ్రే. ఆ పిల్లను ఎత్తుకుని తన తెల్లగుర్రం దగ్గరికి తీసుకెళ్లి, ఈసారి నిన్ను చూస్తే ఇది పలకరిస్తుందిలే అని నవ్విస్తాడు. పగలు అంత మంచివాడు. రాత్రయితే గోరీలు తవ్వి తీసిన శవాల్ని తెచ్చి డాక్టరుగారి ఇంట్లో అప్పజెప్పి డబ్బు తీసుకుపోతాడు.

ఫెటిస్ అని పేదింటి కుర్రాడొకడు, ఫీజు కట్టలేక చదువు మానేద్దామనుకుంటుంటే డాక్టర్ అతన్ని అసిస్టెంటుగా పెట్టుకుంటాడు. వచ్చిన శవానికి డబ్బిచ్చి పద్దు రాయడం కూడా ఆ ఉద్యోగంలో భాగమని కుర్రాడికి తర్వాత తెలుస్తుంది. ఆ పిల్లకు ఎలాగైనా ఆపరేషన్ చేయించాలని ఫెటిస్ తపన. ముందు వెన్నెముకను పరిశీలించాలి, దానికి శవం కావాలి, శవం లేదు అంటాడు డాక్టర్. అప్పుడు ఈ మంచి కుర్రాడే, మంచి మనసుతోనే, గ్రే ఇంటికి వెళ్లి ఒక శవం కావాలని అడుగుతాడు. అప్పటికి శ్మశానంలో కాపలా గట్టిగా ఉంది.

ఇక మీరు అడిగిన భయం సంగతి. వీధిలో పాటలు పాడి అడుక్కునే అమ్మాయి ఒకత్తె ఉంటుంది. రాత్రి పాడుకుంటూ రాతి కమాను కిందుగా చీకట్లోకి నడిచి వెళ్లిపోతుంది. ఆమె వెనకే గ్రే బండి నెమ్మదిగా అదే చీకట్లోకి వెళ్తుంది. కెమెరా ఉన్నచోటే ఉంటుంది. ఖాళీ వీధి కనపడుతుంటుంది, దూరంగా పాట వినపడుతుంటుంది, ఉన్నట్టుండి పాట మధ్యలో తెగిపోతుంది. అంతే, సీను అయిపోయింది. రక్తం లేదు, అరుపు లేదు, పెద్ద మ్యూజిక్ లేదు. ఇప్పటి సినిమాల్లో ఐదు నిమిషాలకోసారి చెవులు పగిలే శబ్దంతో ఉలిక్కిపడేలా చేస్తారు కదా, ఆ ఉలికిపాటు థియేటర్ బయటికి రాగానే పోతుంది. ఈ ఆగిపోయిన పాట మాత్రం నిద్రపోయే ముందు కూడా గుర్తొస్తుంది. డైరెక్టర్ రాబర్ట్ వైజ్ అంతకుముందు ఎడిటర్, 'సిటిజన్ కేన్' ఎడిట్ చేసింది ఆయనే. ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి.

ఆ తర్వాత ఆ అమ్మాయి శవం స్కూలుకు వస్తుంది. ఫెటిస్ గుర్తుపడతాడు. నిన్న పాడుతూ కనపడ్డ అమ్మాయి కదా ఇది, చంపి తెచ్చాడు, పోలీసులకు చెబుదామంటాడు. డాక్టర్ ఒప్పుకోడు. బయటపెడితే శవం అడిగిన నువ్వు కూడా ఇరుక్కుంటావని బెదిరిస్తాడు. నా మటుకు సినిమాలో అన్నింటికన్నా భయంకరమైన చోటు ఇదే. చీకటి సందు కాదు, దీపాలు వెలుగుతున్న గదిలో ఇద్దరు చదువుకున్న మనుషులు మాట్లాడుకుని, సరే నోరు మూసుకుందాం అని తీర్మానించుకోవడం.

ప్రశ్న: మనుషుల రూపంలోకి గ్రహాంతరవాసులు మారిపోయే సినిమా ఇదేనా? చిన్నప్పుడు టీవీలో చూసినట్టు గుర్తు.
(గృహిణి, నెల్లూరు)

జవాబు: కాదండీ. మీరు చూసింది 'ఇన్వేజన్ ఆఫ్ ది బాడీ స్నాచర్స్'. అది 1956లో మొదట వచ్చింది, తర్వాత మళ్లీ తీశారు. పేరులో పోలికే తప్ప రెంటికీ సంబంధం లేదు. ఇందులో గ్రహాంతరవాసులు లేరు, దెయ్యాలు కూడా లేవనే అనుకోవచ్చు. ఆ 'అనుకోవచ్చు' గురించి కింద ఇంకొకరు అడిగారు, అక్కడ చూడండి.

ప్రశ్న: సినిమాలో మాటిమాటికీ బర్క్, హేర్ అని రెండు పేర్లు వస్తాయి. వాళ్లు నిజంగా ఉన్నారా? డాక్టర్లు శవాలు కొనడం నిజంగా జరిగిందా, లేక రచయిత కల్పనా?
(రిటైర్డ్ టీచర్, విజయవాడ)

జవాబు: ఉన్నారు మాస్టారూ. సినిమాలో కథ కల్పితమే, కానీ దాని కింద ఉన్న నేల నిజం. నిజం ఇంకా దారుణం.

అప్పట్లో ఎడిన్‌బరో వైద్యవిద్యకు పెద్ద పేరు. యూనివర్సిటీ ఒకటే కాదు, ప్రైవేటుగా అనాటమీ చెప్పేవాళ్లు కూడా ఫీజులు తీసుకుని క్లాసులు నడిపేవారు. వాళ్లలో డాక్టర్ రాబర్ట్ నాక్స్‌కు తిరుగులేని గిరాకీ, 400 మందికి పైగా విద్యార్థులు ఉండేవారు. విద్యార్థి కోరేది డిసెక్షన్‌కు, అంటే కోసి చూసి నేర్చుకోవడానికి, శవం. 1752 నాటి చట్టం ప్రకారం డిసెక్షన్‌కు ఇచ్చేది హత్య చేసి ఉరిశిక్ష పడ్డవాళ్ల శరీరాలు. అవి ఏ మూలకూ చాలవు. దాంతో గోరీలు తవ్వేవాళ్లు తయారయ్యారు. వాళ్ల పద్ధతి వింటే ఒళ్లు జలదరిస్తుంది. గోతి మొత్తం తవ్వేవారు కాదు, తల వైపు మాత్రం తవ్వి, పెట్టె మూత అక్కడివరకే విరగ్గొట్టి, తాడు వేసి శవాన్ని పైకి లాగేవారు. చప్పుడు కాకుండా చెక్క పారలు వాడేవారు. ఇంగ్లండులోనైతే శవం ఎవరి ఆస్తీ కాదు కాబట్టి దాన్ని ఎత్తుకెళితే చిన్న నేరం, ఒంటిమీది గుడ్డ తీసుకెళితే మాత్రం దొంగతనం కింద పెద్ద శిక్ష. అందుకని గుడ్డలు విప్పి మళ్లీ గోతిలోనే పడేసి పోయేవారు. మనిషి కన్నా ఆ మనిషిని కప్పిన గుడ్డకు చట్టంలో ఎక్కువ విలువ ఉన్న కాలం.

బర్క్, హేర్ విషయానికొస్తే, వాళ్లు గోరీలు తవ్విన దాఖలా లేదు. ఇద్దరూ ఐర్లండు నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లే. హేర్, అతని భార్య వెస్ట్ పోర్ట్ అనే పేదల పేటలో మనిషికింత అని తీసుకుని పడక ఇచ్చే లాడ్జింగ్ నడిపేవారు. 1827 నవంబరులో అక్కడుంటున్న డోనల్డ్ అనే ముసలి సైనికుడు జబ్బుచేసి చనిపోయాడు. 4 పౌండ్ల అద్దె బాకీ. ఆ బాకీ రాబట్టుకోవడానికి పెట్టెలో శవానికి బదులు వేరే బరువు పెట్టి మూసేసి, శవాన్ని నాక్స్ స్కూలుకు అమ్మారు. 7 పౌండ్ల 10 షిల్లింగులు వచ్చాయి. బాకీ తీరి ఇంకా మిగిలింది. అక్కడ మొదలైంది. తర్వాత పది, పదకొండు నెలల్లో 16 మందిని చంపారు. తాగించి, మత్తులో ఉన్నప్పుడు ఒకడు ఛాతీ మీద కూర్చుని, ఇంకొకడు ముక్కూ నోరూ మూసి ఊపిరాడకుండా చేసేవారు. ఒంటిమీద గాయం కనపడదు. చలికాలంలో 10 పౌండ్లు, ఎండాకాలంలో 8 పౌండ్లు.

ఎవరిని చంపారో చూడండి. లాడ్జింగ్‌కి వచ్చిన ముసలమ్మలు, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు, వీధిలో తిరిగే అమ్మాయిలు. మేరీ పాటర్సన్ అనే యువతి శవం బల్లమీదికి రాగానే ఒక విద్యార్థి గుర్తుపట్టాడని చెప్పుకున్నారు. జేమీ విల్సన్ అని ఇరవై ఏళ్లు కూడా నిండని అమాయకపు కుర్రాడు, కాలు వంకర, వీధుల్లో తిరుగుతుంటే ఊరందరికీ తెలిసినవాడే. అతని శవం కూడా నాక్స్ స్కూలుకే వెళ్లింది. పాడే అమ్మాయిని ఫెటిస్ గుర్తుపట్టే సీను ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

1828 అక్టోబరు 31 రాత్రి చంపిన మార్గరెట్ డోచర్టీ అనే ఆవిడ శవం గడ్డికింద దాచి ఉండగా అదే ఇంట్లో ఉంటున్న భార్యాభర్తలు చూసి పోలీసులకు చెప్పారు. నోరు మూసుకుంటే వారానికి 10 పౌండ్లు వస్తాయని ఆశ చూపించినా వాళ్లు లొంగలేదు. పేదవాళ్లే, ఆ డబ్బు వాళ్లకు చాలా పెద్దది. ఈ కథలో నాకు తల వంచి నమస్కరించాలనిపించేది వాళ్లిద్దరికే. డిసెంబరు 24న మొదలైన విచారణ రాత్రంతా సాగి క్రిస్మస్ రోజు పొద్దున తీర్పుతో ముగిసింది. హేర్ అప్రూవర్‌గా మారి బయటపడ్డాడు. బర్క్‌ను 1829 జనవరి 28న వేలమంది చూస్తుండగా ఉరితీశారు, తర్వాత అతని శరీరాన్నే యూనివర్సిటీలో డిసెక్షన్ చేశారు. ఆ అస్థిపంజరం ఇప్పటికీ ఎడిన్‌బరో యూనివర్సిటీ అనాటమీ మ్యూజియంలో ఉంది.

నాక్స్ మీద కేసే పెట్టలేదు.

ప్రశ్న: నేను ఎంబీబీఎస్ సెకండియర్. ఫస్టియర్ మొత్తం అనాటమీ హాల్లో గడిచింది కాబట్టి ఈ సినిమా నాకు వేరేలా తగిలింది. ఒక్కటి ఒప్పుకోలేకపోతున్నాను. సినిమా డాక్టర్‌ను దోషిగా నిలబెడుతుంది. చట్టబద్ధంగా శవాలు దొరకని కాలంలో ఆయన ఏం చెయ్యాలి? బొమ్మలు చూసి నేర్చుకున్న సర్జన్ చేతికి మనల్ని మనం అప్పజెప్పుకుంటామా?
(మెడికల్ విద్యార్థిని, కర్నూలు)

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాం. అడగాల్సిన ప్రశ్న ఇదే, తేలిగ్గా తీసేసేది కాదు.

అవసరం నిజం. అది మత్తుమందు లేని కాలం. ఈథర్ ఇచ్చి ఆపరేషన్ చేయడం 1846 తర్వాతి మాట. మెలకువలో ఉన్న మనిషి కాలు నిమిషాల్లో తీసెయ్యాలి. రక్తనాళం ఎక్కడుందో వేళ్లకు తెలియని సర్జన్ బల్లమీదే మనిషిని చంపేస్తాడు. ఆ సంగతి సినిమా దాచలేదు, అందుకే ఆ నడవలేని పిల్లను కథ మధ్యలో పెట్టింది. శవం దొరకబట్టే ఆ పిల్లకు ఆపరేషన్ జరిగింది. ఆ పిల్ల లేకపోతే ఇది మామూలు దొంగల సినిమా అయ్యేది.

కానీ ఆ అవసరం ఖరీదు ఎవరు కట్టారు? డబ్బున్నవాళ్లు సమాధి చుట్టూ ఇనప పంజరాలు బిగించుకున్నారు, ఎడిన్‌బరోలో గ్రేఫ్రయర్స్ శ్మశానానికి వెళితే అలాంటివి ఇప్పటికీ కనపడతాయి. రాత్రిళ్లు కాపలాకు మనుషుల్ని పెట్టుకున్నారు, శ్మశానాల్లో కాపలా బురుజులే కట్టారు. శరీరం కుళ్లి డిసెక్షన్‌కు పనికిరాకుండా పోయేదాకా కాపాడుకుంటే చాలు. ఇవేవీ లేని పేదవాళ్ల గోతులు తెరిచి ఉంచిన ఇళ్లలా ఉండేవి. వైద్యం అందరిదీ, దానికి కావలసిన శరీరాలు మాత్రం కొందరివే. సినిమాలో ఒక తల్లి తన కొడుకు సమాధి దగ్గర కూర్చుని ఉంటుంది, పక్కన అతని చిన్న కుక్క కాపలా. పంజరానికి డబ్బులేని ఇంటికి ఆ కుక్కే కాపలా అన్నమాట.

ఇక డాక్టర్ ఏం చెయ్యాలి అన్నారు. కనీసం అడగాలి. బర్క్, హేర్ తెచ్చినవి మట్టి అంటని శరీరాలు, పూడ్చిన గుర్తులే లేనివి, కొన్ని చనిపోయి గంటలే అయినవి. ఊళ్లో అందరికన్నా బాగా మానవ శరీరం తెలిసిన మనిషికి అది కనపడకుండా ఉంటుందా? నాక్స్‌కు హత్యల సంగతి తెలియదని బర్క్ చెప్పాడు, విచారణ జరిపిన కమిటీ కూడా తెలిసినట్టు ఆధారం లేదంది, జాగ్రత్త చాలలేదని మాత్రం తప్పుపట్టింది. న్యాయస్థానానికి అది సరిపోవచ్చు. జనానికి సరిపోలేదు. ఆయన ఇంటిముందు దిష్టిబొమ్మ తగలబెట్టారు. వీధిలో పిల్లలు పాట కట్టుకున్నారు: బర్క్ కసాయి, హేర్ దొంగ, మాంసం కొనే బాబు నాక్స్. చదువురాని పిల్లలకు కూడా కొనేవాడి పేరు చేర్చాలని తెలిసింది చూశారా. తర్వాత ఆయన ఎడిన్‌బరో వదిలి లండన్ వెళ్లిపోయాడు, మళ్లీ ఆ వైభవం రాలేదు.

సినిమాలో మెక్‌ఫర్లేన్ ఒకప్పుడు ఆ నాక్స్ దగ్గర పనిచేసినవాడే. విచారణలో అతని పేరు బయటికి రాకుండా గ్రే కాపాడాడు. అందుకే గ్రే వదలడు, పదిమంది ముందు కూడా డాక్టరుగారిని పాత ముద్దుపేరుతో పిలుస్తుంటాడు. అలా పిలిచినప్పుడల్లా డాక్టర్ ముఖం చూడండి, హెన్రీ డేనియల్ ఎంత గొప్పగా చేశాడో. నువ్వూ నేనూ ఒకే పనిలో ఉన్నాం, నీ చేతులు శుభ్రంగా ఉండటానికి నా చేతులు మట్టిలో ఉన్నాయి అని ఆ పిలుపుకి అర్థం. బోరిస్ కార్లాఫ్ గ్రే పాత్రలో ఎక్కడా గొంతు పెంచడు. తక్కువ కులంవాడని, పనివాడని గుమ్మం బయట నిలబెట్టిన మనిషి లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నప్పుడు ఇంటి యజమాని పడే ఇబ్బంది మన ఊళ్లలో పెరిగినవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంకొక్క మాట. ఆపరేషన్ బాగా జరుగుతుంది, అయినా పిల్ల లేవదు. నడువు, నీకు నడక వచ్చు అని డాక్టర్ ఎంత గద్దించినా కాళ్లు కదలవు. ఎముకలు, కండరాలు అన్నీ సరిగ్గానే అతికించానే అని ఆయన మథనపడుతుంటే, గ్రే తాగుతూ నీకు శరీరం తెలుసు గానీ మనిషి తెలియదన్నట్టుగా దెప్పుతాడు. చివరికి ఆ పిల్ల లేచి నిలబడేది గుర్రం గిట్టల చప్పుడు విని, తన తెల్లగుర్రం వచ్చిందేమో చూద్దామని. ఆ ఆశ పెట్టినవాడు హంతకుడు. సినిమా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి మనకే వదిలేసింది.

ఇప్పుడు చాలా మెడికల్ కాలేజీల్లో డిసెక్షన్ మొదలయ్యే ముందు విద్యార్థులతో ఆ దేహాన్ని గౌరవిస్తామని ప్రమాణం చేయిస్తున్నారు, మీచేత కూడా చేయించే ఉంటారు. మీలో ఈ ప్రశ్న పుట్టిందంటే దాన్ని మీరు నోటిమాటగా తీసుకోలేదని అర్థమవుతోంది.

ప్రశ్న: క్లైమాక్స్‌లో బండిలో ఉన్న శవం గ్రే ముఖంలా మారుతుంది కదా. అది దెయ్యమా, డాక్టర్ భ్రమా? మా ఇంట్లో దీనిమీద వాదన ఇంకా తెగలేదు.
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు)

జవాబు: సినిమా ప్రకారం భ్రమ. అప్పటికి గ్రేని డాక్టరే చంపేశాడు, పీడ వదిలిందనుకున్నాడు. తర్వాత ఒక స్త్రీ శవాన్ని తానే స్వయంగా గోతిలోంచి తీసి, ఫెటిస్‌ను పక్కన కూర్చోబెట్టుకుని వానలో బండి తోలుకొస్తుంటే, చక్రాల చప్పుడులో, గాలిలో గ్రే గొంతు వినపడటం మొదలవుతుంది. ఆపి చూస్తే గ్రే ముఖం. గుర్రం బెదిరి పరుగెత్తి బండి లోయలో పడిపోతుంది. ఫెటిస్ వచ్చి చూస్తే అక్కడున్నది ఆ స్త్రీ శవమే.

మీ వాదన తెగకపోవడానికి కారణం ఉంది. దీనికి మూలం రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ 1884లో అచ్చువేసిన చిన్న కథ. ఆయన పుట్టింది ఎడిన్‌బరోలోనే. ఆ కథలో శవం నిజంగానే గ్రేది. ఎప్పుడో ముక్కలు ముక్కలుగా కోసి విద్యార్థులకు పంచేసిన శరీరం గోనెలో మళ్లీ మొత్తంగా దొరుకుతుంది, అక్కడితో కథ ఆగిపోతుంది. వివరణ లేదు. కథలో గ్రే బండివాడు కూడా కాదు, ఆ చిన్నపిల్లా లేదు, తెల్లగుర్రమూ లేదు. అవన్నీ సినిమావాళ్లు చేర్చినవి. నిర్మాత వాల్ ల్యూటన్ వేరే పేరుతో స్క్రిప్టులో చెయ్యి కూడా వేశాడు. తక్కువ బడ్జెట్ హారర్ సినిమాలు తియ్యమని ఆర్కేవో స్టూడియో పెట్టుకున్న మనిషి ఆయన, దెయ్యాన్ని చూపించడం కన్నా మనిషి మనసులో భయాన్ని చూపించడం మీదే నమ్మకం. కథ చదివితే ఒళ్లు గగుర్పొడుస్తుంది, సినిమా చూస్తే ఆ డాక్టర్ మీద జాలేస్తుంది. నన్ను అడిగితే సినిమా ముగింపే బలమైనది. గోరీ తవ్వడానికి ఇన్నాళ్లూ ఇంకొకడి చేతులు వాడుకున్నవాడు చివరికి తన చేతులతో తవ్వాడు, అప్పుడు కనపడింది ముఖం.

ప్రశ్న: డ్రాక్యులాగా నటించిన బెలా లుగోసికి మా తాతగారు వీరాభిమాని. పోస్టర్ మీద పేరు అంత పెద్దగా వేసి సినిమాలో అంత చిన్న పాత్ర ఇవ్వడం అన్యాయం కాదా?
(డల్లస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పాత్ర చిన్నదే, డాక్టర్ ఇంట్లో పనిచేసే జోసెఫ్. లుగోసి, కార్లాఫ్ కలిసి నటించిన చివరి సినిమా ఇది. ఇద్దరి పేర్లూ కలిపి చూపించుకోవడానికే పోస్టర్ మీద ఆ పేరు కావాల్సి వచ్చింది. అప్పటికే ఆయన ఆరోగ్యం బాగాలేదు. కానీ ఆ ఒక్క సీను చూడండి, గ్రే రహస్యం నాకు తెలుసు, డబ్బివ్వు అని జోసెఫ్ బెదిరించడానికి వెళతాడు. గ్రే నవ్వుతూ కూర్చోబెట్టి, మందు పోసి, బర్క్ ఎలా చంపేవాడో కథలా చెబుతూ, చేసి చూపిస్తానంటూ ముక్కూ నోరూ మూసేస్తాడు. పెద్ద నటులిద్దరూ ఒకరికొకరు ఎంత చోటిచ్చుకున్నారో ఆ నిమిషాల్లో తెలుస్తుంది. మీ తాతగారికి ఆ సీను చూపించండి.

ప్రశ్న: హత్యలు బయటపడ్డాక చట్టం మారిందా? మన దేశంలో శవాలు ఎక్కడినుంచి వస్తాయి? మా ఆయన, నేను దేహదానం చేద్దామనుకుంటున్నాం, మీ వ్యాసం చదివాక కాస్త టెన్షన్ మొదలైంది.
(పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: ముందు మీ టెన్షన్ తీరుద్దాం. దేహదానం గొప్ప పని, వెనక్కి తగ్గకండి. మీ ఇష్టంతో మీరిచ్చేదానికీ, ఆ రోజుల్లో ఎత్తుకెళ్లినదానికీ పోలికే లేదు.

చట్టం మారింది, కానీ బర్క్ ఉరితీతతోనే మారలేదు. 1831లో లండన్‌లో ఒక కుర్రాడిని ఇలాగే చంపి కాలేజీకి అమ్మబోయి ఒక ముఠా దొరికింది. 1832లో పార్లమెంటు అనాటమీ చట్టం తెచ్చింది. దాంతో గోరీల దొంగతనాలు క్రమంగా పోయాయి. ఎలా పోయాయంటే, ఆసుపత్రుల్లో, పేదల ఆశ్రయాల్లో చనిపోయి, తీసుకెళ్లడానికి ఎవరూ రాని శరీరాలను కాలేజీలకు ఇవ్వొచ్చన్నారు. అంతకుముందు హంతకుడికి శిక్షగా ఉన్నది ఇప్పుడు పేదరికానికి వచ్చి చేరింది. దహనానికో ఖననానికో డబ్బులేక రాని బంధువులు కూడా 'ఎవరూ రానివాళ్ల' లెక్కలోకే వస్తారు కదా. పేదలు ఆ ఆశ్రయాల పేరు చెబితేనే వణికిపోయేవారంటే ఇదొక కారణం.

మన రాష్ట్రాల అనాటమీ చట్టాలు కూడా ఆ దారిలోనే ఉన్నాయి, ఎవరూ రాని శరీరాలు కాలేజీలకు చేరతాయి. ఇంకో సంగతి ఎక్కువమందికి తెలియదు. ఒకప్పుడు పాశ్చాత్య దేశాల మెడికల్ విద్యార్థులు చదువుకున్న అస్థిపంజరాల్లో చాలా భాగం మన దేశం నుంచి, ముఖ్యంగా కలకత్తా నుంచి వెళ్లినవే. 1985లో కేంద్రం ఆ ఎగుమతిని నిషేధించింది. అవి ఎవరివో, వాళ్ల ఇంటివాళ్లను ఎవరైనా అడిగారో లేదో వేరే చెప్పాలా?

అందుకే దేహదానం చేసేవాళ్లు పెరగాలి అంటున్నాం. అడిగి తీసుకున్న శరీరాలు సరిపడా ఉంటే అడగకుండా తీసుకోవాల్సిన పని ఉండదు. కమ్యూనిస్టు నాయకుడు సీతారాం ఏచూరి 2024 సెప్టెంబరులో చనిపోయినప్పుడు కుటుంబం ఆయన దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇచ్చింది. తెలుగువాళ్లు చాలా ఇళ్లలో ఆ రోజు దీని గురించి మాట్లాడుకున్నారు.

మీరు చెయ్యాల్సింది పెద్దగా లేదు. దగ్గర్లో ఉన్న మెడికల్ కాలేజీ అనాటమీ డిపార్ట్‌మెంట్‌కు వెళితే ఫారం ఇస్తారు. సాక్షులతో, ఇంట్లోవాళ్లతో సంతకాలు పెట్టించండి. ఫారం కన్నా ముఖ్యం మీ పిల్లలకు ఇప్పుడే స్పష్టంగా చెప్పడం, ఎందుకంటే ఆ రోజు ఫోన్ చెయ్యాల్సింది వాళ్లే, వాళ్లు వద్దంటే కాలేజీవాళ్లు బలవంతం చెయ్యరు. డాక్టర్ ఇచ్చిన మరణ ధ్రువపత్రం చేతిలో ఉండాలి. పోస్ట్‌మార్టం జరిగితే, పోలీసు కేసు ఉంటే మామూలుగా తీసుకోరు, కొన్ని అంటువ్యాధుల విషయంలో కూడా అంతే. కళ్లు కూడా ఇవ్వాలనుకుంటే చనిపోయిన వెంటనే కళ్ల బ్యాంకుకు కబురందాలి, ఆరు గంటల్లోపు కళ్లు తీసుకోవాలి కాబట్టి. కళ్లు ఇచ్చినా దేహం ఇవ్వొచ్చు. చివరిచూపు, ఇంట్లో చేసుకునే ప్రార్థనలు అయ్యాకే దేహాన్ని అప్పజెప్పొచ్చు, కాకపోతే ఎక్కువ ఆలస్యం చెయ్యకూడదు.

ప్రశ్న: మా అమ్మాయికి పదేళ్లు, దెయ్యాల సినిమాలంటే ప్రాణం. దీన్ని చూపించొచ్చా?
(ఒక తండ్రి, రాజమండ్రి)

జవాబు: ఇప్పుడే వద్దు. శవాలను చూపించే తీరులో అసభ్యత ఏమీ లేదు గానీ, సమాధి దగ్గర కాపలా ఉన్న ఆ కుక్కను గ్రే పారతో కొట్టి చంపేస్తాడు. తెరమీద పెద్దగా చూపించరు, అయినా కుక్కలంటే ఇష్టమున్న పిల్లలు తట్టుకోలేరు. పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చాక మీరు పక్కన కూర్చుని చూపించండి. మధ్యలో ఆపి ప్రశ్నలు అడిగితే సినిమా ఆపేసి జవాబు చెప్పండి.